సబ్‌వే రైలు ఫోటోలో "దాచిన వివరం" ఎక్కడ దొరుకుతుంది, ఎలా పెట్టాలి?

మీ ప్రశ్న ఇదీ: జెర్సీ సిటీకి వచ్చి ఆరు నెలలైంది. వారాంతాల్లో నది దాటి వెళ్లి న్యూయార్క్ సబ్‌వే రైళ్ల ఫోటోలు తీస్తున్నారు. రైలు పిచ్చి ఉన్నవాళ్ల గ్రూపులో పెడితే నాలుగు లైకులు వచ్చి ఆగిపోతున్నాయి. ఇంకెవరో అంతకంటే మామూలు ఫోటో ఒకటి పెట్టి "ఇందులో ఏముందో చెప్పండి" అంటే చాలు, రెండు రోజులు కామెంట్లే కామెంట్లు. ఆ వివరాలు వాళ్లకి ఎలా తడతాయి, మీరూ అలా పెట్టాలంటే ఏం చేయాలి?

సూటిగా చెప్తాను. మీరు ఏమీ దాచక్కర్లేదు. వివరం రైలు మీదే ఉంటుంది. బోగీ నంబరు, ముందు వెలిగే అక్షరం, గోడ పలకల రంగు, ప్లాట్‌ఫారం ఏ వైపు ఉంది, గార్డు వేలు ఎటు చూపిస్తోంది... వీటిలో చోటునో, కాలాన్నో, ఆ రైలు గత చరిత్రనో బయటపెట్టేది ఒక్కటి ఎంచుకోండి. ఫోన్‌లో పెద్దది చేసి చూస్తే చదవగలిగేంత స్పష్టంగా తీయండి. ఒక్క వాక్యం రాసి, తర్వాత రెండు రోజులు నోరు కట్టేసుకోండి. కష్టమంతా ఆ చివరి దాంట్లోనే ఉంది.

మన పొడుపు కథలు గుర్తు తెచ్చుకోండి. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు" అని అమ్మమ్మ అడిగితే, జవాబు మన మొహం మీదే ఉంటుంది. విప్పాక "ఛ, ఇదా!" అనిపించాలి. ఫోటో మూలన చెత్తబుట్ట పక్కన ఎలుక తోక కనిపించేలా పెట్టి "కనుక్కోండి" అంటే అది కళ్ల పరీక్ష అవుతుంది. ఒకసారి నవ్వుతారు, రెండోసారి దాటేసి వెళ్లిపోతారు.

నేను పదిహేడేళ్లుగా క్వీన్స్‌లో ఉంటున్నాను, 7 రైలు లైను పక్కన. అంతకుముందు పిచ్చి కాజీపేటలో మొదలైంది. ఇంజిను మీద షెడ్డు పేరు చదవడం అక్కడే అలవాటైంది. లాలాగూడదా, విజయవాడదా, గుత్తిదా అని చూసి ఈ బండి ఎటు తిరిగి వచ్చిందో పందేలు కట్టేవాళ్లం. ఇక్కడ సబ్‌వే బోగీ మీద షెడ్డు పేరు ఉండదు, నాలుగంకెల నంబరు ఒక్కటే ఉంటుంది. కానీ ఆ నాలుగంకెలే మొత్తం జాతకం.

నేను పెట్టినవాటిలో బాగా పండిన దాని గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మీకు కావలసిన పద్ధతంతా అందులో ఉంది.

7 లైనులో నడిచే బోగీల రకం పేరు ఆర్188. సబ్‌వేలో పదకొండు బోగీలతో నడిచే లైను ఇదొక్కటే, ఐదు బోగీల ముక్క ఒకటి, ఆరు బోగీల ముక్క ఒకటి కలిపి. మొత్తం ఆర్188 బోగీలు 506. అందులో 380 కొత్తవి కావు. అవి అంతకుముందు ఆర్142ఏ అనే పేరుతో ఎక్కువగా 6 లైనులో తిరిగినవి. 7 లైనుకి కంప్యూటర్‌తో నడిచే సిగ్నలింగ్ పెట్టాలనుకున్నప్పుడు వాటిని మార్చి ఇటు తెచ్చారు, ఇక్కడున్న పాత ఆర్62ఏ బోగీల్ని 6 లైనుకి పంపారు. అయితే 6 లైనులో రైలుకి పది బోగీలే. పాత పది బోగీల రైలు ఇక్కడికి రావాలంటే ఇంకొక బోగీ కావాలి కదా? అందుకని అలాంటి 38 రైళ్లకి తలా ఒక కొత్త బోగీ చేయించి మధ్యలో కలిపారు. మార్చిన బోగీల నంబర్లు 7211 నుంచి 7590 వరకూ. కొత్తగా చేసినవి 7811 నుంచి 7936 వరకూ. అంటే చాలా 7 రైళ్లలో పది బోగీలు 72, 73, 74, 75తో మొదలవుతాయి, ఒక్కటి మాత్రం 78తోనో 79తోనో మొదలవుతుంది. పక్కనుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. రోజూ ఎక్కేవాళ్లు పదేళ్లయినా గమనించరు.

నేను చేసింది ఏమిటంటే, ఉడ్‌సైడ్ 61వ వీధి స్టేషన్‌లో ఒక శనివారం సాయంత్రం నిలబడి, ఆగిన రైలు ఆరు బోగీల ముక్కని కొస నుంచి ఏటవాలుగా తీశాను. దగ్గర బోగీ నంబరు పెద్దగా పడింది, తర్వాతివి చిన్నగా, చివరివి ఇంకా చిన్నగా. రాసింది ఇంతే: "ఈ ఇంట్లో ఒకరు పెంపుడు బిడ్డ. ఎవరు?"

మొదట అందరూ తలుపుల్ని పట్టుకున్నారు. ఒకాయన మూడో బోగీ కిటికీ మీద గీతలు తక్కువున్నాయన్నాడు. ఇంకొకాయన పైకప్పు ఏసీ పెట్టె చూసి ఏదో అన్నాడు. ఆరేడు గంటల తర్వాత ఒకమ్మాయి కేవలం "79" అని రాసింది. దాని కింద మొదలైంది అసలు ముచ్చట. 6 లైనులో ఈ బోగీలు తిరిగిన రోజుల ఫోటోలు ఒక్కొక్కరూ తవ్వి తెచ్చారు. ఇదే 72 నంబరు బోగీ పచ్చ రంగు 6 అంకెతో ఉన్న పాత ఫోటో ఒకాయన పెట్టాడు. నేను తీసిన ఫోటో కంటే అది పది రెట్లు విలువైంది. మంచి వివరం ఇలా ఇతరుల పెట్టెల్లోంచి ఫోటోలు బయటికి లాగుతుంది. మీ ఫోటోకి ఎన్ని లైకులు వచ్చాయన్నది నాకు పెద్ద లెక్క కాదు.

ఇందులో మీరు పట్టుకోవలసింది: ఆ ఫోటోలో నేను వివరాన్ని మూలకి నెట్టలేదు. అది బోగీ మీద నడిమధ్యే ఉంది. నెట్టింది చూపరి దృష్టిని, "ఇంట్లో" అన్న మాటతో. రాసే వాక్యం దారి చూపాలి కానీ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లకూడదు. "నంబర్లు చూడండి" అని రాసి ఉంటే రెండు నిమిషాల్లో అయిపోయేది.

భూమి కింద తీసేవాళ్లకి గోడలే గని. ఎనిమిదో అవెన్యూ లైను 1932లో తెరిచారు. దాని పలకల పని చూసిన ఆర్కిటెక్టు స్క్వైర్ వికర్స్. ఆయన రంగులతో ఒక లెక్క పెట్టాడు. ఎక్స్‌ప్రెస్ ఆగే స్టేషన్ దగ్గర గోడ మీది పట్టీ రంగు మారుతుంది, తర్వాత వచ్చే లోకల్ స్టేషన్లన్నీ అదే రంగు కుటుంబంలో ఉంటాయి, మళ్లీ ఎక్స్‌ప్రెస్ స్టేషన్ వచ్చేదాకా. 42వ వీధి ఊదా, దాని తర్వాతి 50వ వీధీ ఊదాయే. 59వ వీధి దగ్గర నీలం, అక్కణ్నుంచి 72వ వీధీ నీలమే. ఇది తెలిసినవాళ్లకి స్టేషన్ పేరు లేని ఫోటో పెట్టినా చోటు చెప్పేస్తారు. మరమ్మతుల్లో కొన్నిచోట్ల పలకలు మారాయి కాబట్టి పెట్టేముందు ఒకసారి సరిచూసుకోండి.

దీంతో నేను ఘోరంగా బోర్లా పడిన సందర్భం ఒకటుంది. పాత ఫోటోలు సర్దుతూ ఊదా పట్టీ ఉన్న ఒక ఫోటో పెట్టి "పేరు లేకుండా స్టేషన్ చెప్పండి, జవాబు నా దగ్గర ఉంది" అన్నాను. నా జవాబు 42వ వీధి. ఒక పెద్దాయన, పేరు కూడా పెట్టుకోని ఖాతా, అడిగాడు: "గోడ ఎవరి వెనక ఉంది?" నాకు అర్థం కాలేదు. మళ్లీ చూశాను. గోడ రైలు వెనక లేదు, ప్రయాణికుల వెనక ఉంది. రైలు కిటికీల్లోంచి అవతల స్తంభాలు, ఇంకో రెండు పట్టాలు కనిపిస్తున్నాయి. 42వ వీధిలో ప్లాట్‌ఫారాలు పట్టాల మధ్య ఉంటాయి. లోకల్, ఎక్స్‌ప్రెస్ రెండూ ఒకే ప్లాట్‌ఫారానికి చెరోవైపు ఆగుతాయి. కాబట్టి లోకల్ రైలు వెనక గోడ రావాలి. నా ఫోటోలో ప్లాట్‌ఫారం గోడకి ఆనుకుని ఉంది, ఎక్స్‌ప్రెస్ పట్టాలు అవతల ఉన్నాయి. అంటే 50వ వీధి. నా పొడుపు కథకి నాకే జవాబు తెలియదన్నమాట. (ఈ సూత్రాన్ని కూడా గుడ్డిగా వాడకండి. 34వ వీధి పెన్ స్టేషన్ ఎక్స్‌ప్రెస్ ఆగేదే అయినా లోకల్ రైళ్లకి గోడ పక్క ప్లాట్‌ఫారాలే.) అప్పట్నుంచీ ఏదైనా పెట్టేముందు నా జవాబుకి రెండు వేరు వేరు ఆధారాలు ఉన్నాయా అని చూసుకుంటున్నాను.

పాత లైన్లలో ఇంకా సులువైనవి దొరుకుతాయి. ఆస్టర్ ప్లేస్ గోడల మీద బీవర్ అనే నీటి జంతువు చెట్టు కొరుకుతున్న బొమ్మ ఉంటుంది, ఆ చోటుకి పేరిచ్చిన ఆస్టర్ కుటుంబం బొచ్చు తోళ్ల వ్యాపారంలో బాగుపడింది కాబట్టి. ఫుల్టన్ స్ట్రీట్‌లో ఆవిరి పడవ, ఆ వీధికి ఆవిరి పడవ నడిపిన ఫుల్టన్ పేరు పెట్టారు కాబట్టి. ఇవి అందరికీ తెలిసినవే, కొత్తగా చేరినవాళ్ల కోసం అప్పుడప్పుడు పెట్టుకోవచ్చు.

గార్డు వేలు సంగతి మీరు గమనించే ఉంటారు. రైలు ఆగగానే మధ్య బోగీలో ఉన్న గార్డు, ఇక్కడివాళ్లు కండక్టర్ అంటారు, కిటికీలోంచి తల బయటపెట్టి ఎదురుగా పైనున్న నలుపు తెలుపు చారల పలకని వేలితో చూపిస్తాడు. రైలు సరిగ్గా ఆగిందని, అన్ని తలుపులూ ప్లాట్‌ఫారం మీదకే తెరుచుకుంటాయని తనకు తాను ఖాయం చేసుకోవడం అది. 1996 నుంచి ఇది తప్పనిసరి. జపాన్ రైల్వేల నుంచి వచ్చిన పద్ధతి. ఆ వేలు సరిగ్గా పలక కిందికి వచ్చిన క్షణం ఒక సెకను కూడా ఉండదు. అది పట్టి, వేరే ఏమీ చెప్పకుండా "ఎందుకు?" అని ఒక్క మాట పెట్టండి. రైళ్ల గురించి ఏమీ తెలియని మీ బంధువులు కూడా కామెంట్ చేస్తారు.

ఇక కెమెరా పని. ఇక్కడే చాలామంది వివరాన్ని చేజేతులా చంపేస్తున్నారు.

ఆర్160 రైళ్ల ముందు అక్షరం ఎర్రటి ఎల్‌ఈడీ చుక్కలతో వెలుగుతుంది. లైను రంగు ఏదైనా ముందు ఎరుపే. కొత్త ఆర్211 రైళ్లకి లైను రంగులోనే వెలుగుతుంది. ఈ తేడానే మంచి వివరం. కానీ ఎల్‌ఈడీ బోర్డులో చుక్కలన్నీ ఒకేసారి వెలగవు. మన కంటికి తెలియనంత వేగంగా వరసలు వరసలుగా వెలిగి ఆరుతుంటాయి. మీరు కదిలే రైలు చెదరకూడదని షట్టర్ వేగం 1/1000 పెడితే సగం అక్షరమే పడుతుంది. ఆగిన రైలుని 1/125 కంటే నెమ్మదిగా, కుదిరితే 1/60 దగ్గర తీయండి. చేతులు ఒంటికి ఆనించి, ఊపిరి బిగబట్టి, వరసగా ఐదారు తీస్తే ఒకటి నిలుస్తుంది. స్తంభానికి భుజం ఆనిస్తే ఇంకా మంచిది.

స్టాండు వాడదామంటారా, కుదరదు. న్యూయార్క్ సబ్‌వేలో సొంత సరదాకి ఫోటోలు తీయడానికి అనుమతి ఉంది, కానీ స్టాండు, విడి లైట్లు, రిఫ్లెక్టర్లు వాడకూడదని నిబంధనల్లో స్పష్టంగా ఉంది. 2004లో ఫోటోలే మొత్తం నిషేధిద్దామని ప్రతిపాదన వచ్చింది, మరుసటి ఏడాది వదిలేశారు. ఆ రోజుల నాటి భయం కొందరు పాతవాళ్లలో ఇంకా ఉంది. ఎవరైనా వచ్చి అడిగితే వాదించకండి, రైళ్ల సరదా అని నవ్వుతూ చెప్పండి, పక్కకి జరగండి. ఫ్లాష్ మాత్రం అస్సలు వద్దు. రైలు నడిపేవాడి కళ్లలో కొడితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. పసుపు పట్టీ దాటి ముందుకి వంగొద్దు. పట్టాల పక్కన మూడో పట్టాలో 600 వోల్టులకు పైగా కరెంటు ఉంటుంది.

మీకు ముఖ్యంగా చెప్పాల్సింది పాత్ (PATH) రైలు గురించి. జెర్సీ సిటీ నుంచి మీరు వచ్చేది దాంట్లోనే కదా. అది సబ్‌వే కాదు, వేరే సంస్థది, నిబంధనలూ వేరు. అనుమతి లేకుండా అక్కడ ఫోటోలు తీయనివ్వరు. జర్నల్ స్క్వేర్‌లో కెమెరా బయటికి తీసి, సబ్‌వే నిబంధన చూపిస్తే పని జరగదు. కెమెరా సంచిలోనే ఉంచి, మన్‌హాటన్‌లో దిగి పాత్ స్టేషన్ దాటాక తీయండి.

తీసిన తర్వాత జరిగే నష్టం ఇంకొకటి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటోని పిండేస్తుంది, నాలుగంకెల నంబరు ముద్దలా మారుతుంది. డాక్యుమెంటుగా పంపండి. పెట్టేముందు మీ ఫోన్‌లోనే, గ్రూపులో ఎలా కనబడుతుందో అలాగే తెరిచి, రెండు వేళ్లతో పెద్దది చేసి చూసుకోండి. మీకే చదవడం కుదరకపోతే ఇంకెవరికీ కుదరదు.

కొత్త ఫోన్లలో ఇంకో రోగం వచ్చింది. దూరంగా జూమ్ చేస్తే ఫోన్ తనకి తోచిన గీతలు గీసి "స్పష్టం" చేస్తుంది. మా మిత్రుడొకడు తీసిన ఫోటోలో బోగీ నంబరు చక్కగా, అచ్చులా ఉంది. ఒకటే సమస్య, ఆ నంబరుతో అసలు ఏ బోగీ లేదు. 3ని ఫోన్ 8 చేసేసింది. అంతా కలిసి రెండు రోజులు బుర్రలు బద్దలు కొట్టుకున్నాం. ఇలాంటి ఫోటోలకి ఆ తెలివి ఆపేసి, మసగ్గా ఉన్నా నిజమైనదే పెట్టండి.

ఫోటోలో మీరు ఉద్దేశించని వివరాలు కూడా ఉంటాయి, వాటిని మీకంటే ముందు ఇతరులు చూస్తారు. ఒక మంగళవారం నేను పెట్టిన ఫోటోలో రైళ్ల టైం చూపించే బోర్డు, కిటికీలో ఒక మొహం, రెండూ పడ్డాయి. నేను బోర్డు కోసం తీశాను. ఆ మొహం మా వైపు తెలిసినవాళ్ల అబ్బాయిది. ఆరోజు ఆఫీసుకి జ్వరమని చెప్పి క్రికెట్ చూడ్డానికి పోతున్నాడట. రాత్రి పదకొండింటికి "అన్నా, ప్లీజ్, అది తీసెయ్యి" అని ఫోన్. తీసేశాను. అప్పట్నుంచి మొహాలున్న చోట కత్తిరించడమో మసక చేయడమో చేస్తున్నాను, పిల్లల మొహాలైతే అసలు పెట్టను. ఫోటో ఫైలులో దాగుండే లొకేషన్ కూడా తీసేయండి, లేకపోతే స్టేషన్ కనిపెట్టమన్న మీ ప్రశ్నకి ఫైలే జవాబు చెప్పేస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, మొదటి నెల ఒక్క స్టేషన్ పట్టుకోండి. నా మాట అడిగితే ఉడ్‌సైడే. పైన ఆకాశం ఉంది కాబట్టి వెలుతురు గొడవ లేదు. మన్‌హాటన్ వైపు వెళ్లే రైళ్ల మొహం మీద సాయంత్రం ఎండ పడుతుంది, ఫ్లషింగ్ వైపు వెళ్లేవాటి మీద పొద్దున్నే. లోకల్ అయితే 7 అంకె చుట్టూ గుండ్రం, ఎక్స్‌ప్రెస్ అయితే డైమండ్. ఆ గుర్తుకీ రైలు ఏ పట్టా మీద ఉందన్నదానికీ పొసగకపోతే అదే మీ మొదటి ఫోటో కావచ్చు. బోగీ నంబర్లు ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. నాలుగు వారాలు రాస్తే ఏది మామూలో తెలుస్తుంది, మామూలు తెలిస్తేనే వింత కంటికి తగులుతుంది.

ఆ తర్వాత ఒకరోజు 6 రైలెక్కి బ్రూక్లిన్ బ్రిడ్జ్ ఆఖరి స్టేషన్ దాటాక కూడా కూర్చోండి. రైలు వెనక్కి తిరగడానికి పాత సిటీ హాల్ స్టేషన్ గుండా చుట్టి వస్తుంది. 1904లో తెరిచి, 1945 డిసెంబరు 31న మూసేసిన స్టేషన్ అది. ప్లాట్‌ఫారం మరీ వంకర, పొడుగు బోగీలకి నడిమధ్య ఉండే తలుపుల దగ్గర సందు ఎక్కువ వచ్చేది. కుడివైపు కిటికీ దగ్గర కూర్చుని, లెన్సు అద్దానికి ఆనించి, చుట్టూ చెయ్యి అడ్డం పెట్టండి, లేకపోతే మీ చొక్కాయే పడుతుంది. నాకు పదకొండు ప్రయాణాల తర్వాత కమానుల పలకలు కనిపించే ఫోటో ఒకటి వచ్చింది. అందులో కిటికీ అద్దం మీద వెనక సీటు ముసలాయన టోపీ కూడా పడింది. ఎంత తుడిచినా పోలేదు, అలాగే పెట్టాను. అందరూ స్టేషన్ని వదిలేసి ఆ టోపీ ఏ బేస్‌బాల్ జట్టుదో కనుక్కునే పనిలో పడ్డారు.

మీరు తీసినవి రెండు మూడు ఇక్కడ పెట్టండి, జవాబు రాయకుండా. నంబర్లు కత్తిరించకండి.